కంటి పొర, వంటింటి పసుపు
హైదరాబాదు ప్రయోగశాలలు ఏమి కనుగొన్నవి? మనం ఎంతవరకు నమ్మవచ్చును?

"కంటికి పొర కమ్మింది" అన్న మాట వినబడని ఇల్లు మన కృష్ణా తీరంలో అరుదు. అరవై దాటిన తాతగారు పేపరును చేతి దూరానికి జరిపి, ఆ తరువాత దీపం దగ్గరకు జరిపి, చివరకు మనుమరాలి చేతికిచ్చి చదివించుకుంటారు. ఇక సలహాలు మొదలు. ఒకరు తేనె చుక్కలంటారు, ఒకరు ఉల్లి రసమంటారు, మరొకరు పొన్నగంటి కూర చాలునంటారు. ఈ మధ్య కాలంలో కొత్తది ఒకటి చేరినది: పసుపు సారంతో తయారైన గొట్టాలు. అమెరికాలో ఉన్న కుమారుడో, కుమార్తెయో పంపుతారు. విజయవాడలోని నా వైద్యశాలకు వచ్చే గుడివాడ, ఉయ్యూరు, దివిసీమ ప్రాంతాల పెద్దలు అనేకులు ఆ సీసాను సంచిలో నుంచి తీసి, "ఇది మన ఆయుర్వేదమే గదా, రెండు పూటలా వేసుకోవచ్చునా?" అని అడుగుతుంటారు.

ఆ ప్రశ్నకు సమాధానం మన హైదరాబాదు శాస్త్రజ్ఞుల పరిశోధనలోనే ఉన్నది. అయితే ఆ పరిశోధనలో సగమే ప్రచారంలోకి వచ్చినది. రెండవ సగం కూడ పాఠకులకు తెలియాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మొదట ఈ 'పొర' సంగతి చూద్దాము. నిజానికి అది కంటిమీద పేరుకున్న పొర కాదు. నల్లగ్రుడ్డు వెనుక, రెండు వైపులా ఉబ్బిన చిన్న బిళ్ళ వంటి కటకం ఒకటున్నది. దాని వెడల్పు ఇంచుమించు 9 మిల్లీమీటర్లు. ఆ కటకమే స్వచ్ఛతను కోల్పోయి మసకబారుతుంది. దానినే శుక్లం అంటున్నాము. శరీరంలో ఇటువంటి భాగం మరొకటి కనిపించదు. చర్మం రాలి కొత్తది వస్తుంది, రక్తకణాలు నెలల్లో మారిపోతాయి. కటకం నడిబొడ్డున ఉన్న మాంసకృత్తులు మాత్రం మనం తల్లి గర్భంలో ఉన్నప్పుడు తయారైనవే. అక్కడి కణాలలో కేంద్రకాలు ఉండవు గనుక పాతవి పాడైతే కొత్తవి పుట్టే అవకాశం లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి కంటిలో డెబ్బై ఏళ్ళ నాటి మాంసకృత్తే వెలుగును దాటిస్తున్నది. వార్ధక్యమంటే ఏమిటో అణువుల స్థాయిలో తెలుసుకోగోరిన శాస్త్రజ్ఞులు కంటి కటకాన్ని అంతగా పట్టించుకోవడానికి కారణం ఇదే.

ఈ మాంసకృత్తుల పేరు క్రిస్టలిన్లు. వీటిలో ఆల్ఫా క్రిస్టలిన్ అనేది పెద్దన్న వంటిది. ఎండ వలన, చక్కెర వలన, వయస్సు వలన తోటి మాంసకృత్తు ఏదైనా రూపు చెడి ముద్దకట్టబోతే, ఇది వెళ్ళి దానిని పట్టుకొని ఆపుతుంది. ఈ రక్షక గుణాన్ని 1992లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హోర్విట్జ్ వెల్లడించాడు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో డాక్టర్ సి.హెచ్. మోహనరావు, ఆయన సహచరులు ఆ అణువు పనితీరును లోతుగా పరిశీలించి, వేడిమి 30 డిగ్రీలు దాటినప్పుడు దాని నిర్మాణంలో మార్పు వచ్చి రక్షణ శక్తి పెరుగుతున్నదని 1994లో ప్రకటించారు. మోహనరావుగారు అనంతర కాలంలో ఆ సంస్థకు డైరెక్టరుగా కూడ పనిచేశారు.

చిక్కేమిటంటే, ఈ పెద్దన్న బలం తరిగేదే గాని పెరిగేది కాదు. నలభై ఏళ్ళు దాటేసరికి కటకం మధ్యభాగంలో, కరిగిన స్థితిలో ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ దాదాపు అడుగంటుతుంది. మన పెద్దలు దగ్గరి చూపు తగ్గడాన్ని 'చత్వారం' అన్నారు. నలభై అనే సంఖ్య ఆ మాటలోనే ఉన్నది. రక్షకుడు లేని చోట మాంసకృత్తులు ఒకదానికొకటి అంటుకొని ముద్దకడతాయి. కోడిగ్రుడ్డు సొన ఉడికి తెల్లబడినట్లే ఇది కూడ. ఉడికిన సొనను ఎవరూ తిరిగి పచ్చిసొనగా మార్చలేరు. శుక్లాన్ని కరిగిస్తామని చెప్పే చుక్కల మందులను చూసినప్పుడు ఈ ఉపమానం గుర్తుంచుకోండి. మనుషులలో అట్లా కరిగించినట్లు రుజువైన చుక్కల మందు ఇంతవరకు ఒక్కటీ లేదు.

మధుమేహం ఉన్నవారికి ఈ ముప్పు మరికొంత ముందుగా వస్తుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర కటకంలోకి కూడ చేరుతుంది. అక్కడ ఆల్డోస్ రిడక్టేస్ అనే ఎంజైము దానిని సార్బిటాల్‌గా మారుస్తుంది. అది బయటికి పోలేక, నీటిని లాగి కటకాన్ని ఉబ్బిస్తుంది. మరికొంత చక్కెర నేరుగా మాంసకృత్తులకే అంటుకొని వాటిని గోధుమ రంగుకు తిప్పుతుంది.

ఇక పసుపు విషయానికి వద్దాము. జాతీయ పోషకాహార సంస్థ పేరు పాఠకులకు తెలిసినదే. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ కోసం చిన్నగా ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. అక్కడ డాక్టర్ జి. భానుప్రకాశ్ రెడ్డి, పి. సూర్యనారాయణ, కమలా కృష్ణస్వామి ప్రభృతులు, మన వంటింటి దినుసులు కటకాన్ని కాపాడగలవా అని ఎలుకలపై పరీక్షించారు. 2003లో వెలువడిన ప్రయోగంలో ఎలుకలకు గాలక్టోజ్ అనే చక్కెర పెట్టి శుక్లాలు రప్పించారు. కొన్నింటి ఆహారంలో, పసుపులోని ముఖ్య పదార్థమైన కర్క్యుమిన్‌ను 0.002 శాతం కలిపారు. వాటికి శుక్లం ఆలస్యంగా వచ్చి, ఆలస్యంగా ముదిరినది. మరికొన్నింటికి అయిదు రెట్లు, అనగా 0.01 శాతం కలిపారు. వీటికి శుక్లం మొదలవడం కొద్దిగా ఆలస్యమైనా, మొదలైన తరువాత ఏ మందూ ఇవ్వని వాటికంటె త్వరగా ముదిరినది.

ప్రచారానికి నోచుకోని సగం ఇదే. స్వల్పంగా ఉన్నప్పుడు కాపాడిన పదార్థమే అయిదు రెట్లయితే ఎదురు తిరిగినది.

2005లో అదే బృందం మధుమేహం కల్పించిన ఎలుకలపై మరొక ప్రయోగం వెల్లడించినది. ఈసారి కర్క్యుమిన్‌తో పాటు, ఆహారంలో 0.5 శాతం మామూలు పసుపు కూడ ఇచ్చి చూశారు. రెండూ శుక్లం ముదరడాన్ని ఆలస్యం చేసినవి. అందులోనూ, విడదీసిన సారం కంటె ముడి పసుపే మెరుగుగా పనిచేసినది. ఆయుర్వేదం చదివినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు గాని, ఒక ప్రయోగశాల ధ్రువీకరించినందుకు నాకు సంతోషమే. అయితే అదే వ్యాసంలో మరొక వాక్యమున్నది. ఎలుకల రక్తంలోని చక్కెరను పసుపు గాని, కర్క్యుమిన్ గాని తగ్గించలేదు. పసుపు గొట్టాలను నమ్ముకొని చక్కెర మాత్రలు మానివేసిన ఒక పెద్దమ్మగారిని నేను చూశాను. ఆమె కంటి సమస్యతో వచ్చారు, పాదం మీద మానని పుండు బయటపడినది.

లెక్క వేసి చూడండి. మనం రోజుకు తినే ఆహారం నీరు పోగా అర కిలో అనుకుంటే, అందులో 0.5 శాతం అంటే రెండున్నర గ్రాములు, చెంచాకు కొంచెం తక్కువ పసుపు. కర్క్యుమిన్ 0.002 శాతం అంటే 10 మిల్లీగ్రాములు, ఎదురు తిరిగిన 0.01 శాతం అంటే 50 మిల్లీగ్రాములు. అంగళ్ళలో దొరికే గొట్టాలు అనేకం ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాములవి! ఎలుక లెక్క మనిషికి నేరుగా సరిపోదు, నిజమే. కాని పప్పులో వేసే పసుపు ఏ వైపున ఉన్నదో, గొట్టం ఏ వైపున ఉన్నదో గ్రహించడానికి ఈ లెక్క చాలును. పైగా, బాగా ఒంటబట్టేందుకని కొన్నింటిలో మిరియాల సారం కలుపుతున్నారు. అటువంటివి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను అమెరికా, ఇటలీ వైద్యులు నమోదు చేశారు. పచ్చకామెర్ల లక్షణాలు ఏ మాత్రం కనిపించినా వెంటనే ఆపివేయాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు అసలు జోలికి పోరాదు.

భానుప్రకాశ్ రెడ్డిగారి బృందం 2007లో ఉసిరిని, 2009లో జీలకర్రను కూడ మధుమేహపు ఎలుకలలో పరీక్షించి, అవి సైతం శుక్లాన్ని ఆలస్యం చేస్తున్నట్లు చూపినది. ఉసిరిలోని వగరు పదార్థాలు ఆల్డోస్ రిడక్టేస్‌ను అణచివేస్తాయి. జీలకర్ర ఆల్ఫా క్రిస్టలిన్ రక్షణ శక్తిని నిలబెడుతుంది. చరకుని చికిత్సాస్థానం రసాయనాధ్యాయంతో, కరక్కాయ, ఉసిరికలతో మొదలవడం ఊరకనే కాదని నా అభిప్రాయం.

ఇంటిలో ఆచరించవలసినది చాలా సులభం. మన ప్రాంతానికి పసుపు కొరత లేదు. విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే రైలు దారిలోనే దుగ్గిరాల పసుపు యార్డు ఉన్నది. సాధ్యమైనంతవరకు కొమ్ములు కొని, ఎండబెట్టి, ఇంట్లోనే దంపించుకోండి. కొట్టిన పొడిలో రంగు కోసం సీసం కలిసిన క్రోమేటు కలిపే మోసం ఉన్నది. మరీ మిరుమిట్లు గొలిపే కొమ్ములను కూడ నమ్మరాదు. పప్పులో, కూరలో, పోపులో కలిపి మనిషికి రోజుకు అర చెంచా పసుపు చాలును. జీలకర్ర చారు వారానికి మూడు నాలుగు సార్లు, కార్తీకం నుంచి దొరికినన్నాళ్ళు పచ్చి ఉసిరికాయ ఒకటి భోజనంతో తీసుకోవచ్చును. ఉసిరి ఊరగాయ కూడ మంచిదే కదా అంటారు. అందులోని ఉప్పును రక్తపోటు ఉన్నవారు మరువరాదు. చేలల్లో ఎండకు పనిచేసేవారు తలపాగాతో పాటు నీడనిచ్చే అంచు టోపీ పెట్టుకోవాలి. చుట్ట, బీడీ మానాలి. ఈ రెండూ పసుపు కంటె తక్కువ ముఖ్యమైనవేమీ కావు.

ఇవన్నీ శుక్లం రాకముందు, లేదా లేతగా ఉన్నప్పుడు. ముదిరిన శుక్లానికి శస్త్రచికిత్సయే మార్గం. సుశ్రుతుడంతటివాడే లింగనాశానికి ఘృతాలతో సరిపెట్టక ఉత్తరతంత్రంలో శలాకతో చేసే చికిత్సను వర్ణించాడు. "బాగా పండిన తరువాతే తీయాలి", "చలికాలం రానివ్వండి" అన్నవి పాత పద్ధతుల నాటి మాటలు. నేడు పాడైన కటకాన్ని తొలగించి కృత్రిమ కటకం అమర్చే చికిత్సకు పండేవరకు ఆగనవసరం లేదు, ఋతువుతో పని లేదు. పైగా అతిగా పండినది లోపలే కారి, కంటిలో ఒత్తిడి పెరిగి, తీవ్రమైన నొప్పితో చూపు శాశ్వతంగా పోయే ప్రమాదమున్నది. కన్ను ఎర్రబడి, నొప్పితో పాటు వాంతి వచ్చినట్లుంటే ఆ రోజే కంటి ఆసుపత్రికి చేరాలి. తేనె, ఉల్లిరసం వంటివి కంటిలో వేసుకొని, నల్లగ్రుడ్డు మీద పుండుతో వచ్చేవారిని నేటికీ చూస్తున్నాను.

మధుమేహం ఉన్నవారికి మరొక మాట. వారి కంటి వెనుక తెరను, అనగా రెటీనాను, ఏటా ఒకసారి డాక్టరు పరీక్షించాలి. అక్కడి రక్తనాళాలు నొప్పి లేకుండానే దెబ్బతింటాయి. ముదిరిన శుక్లం అడ్డుగా ఉంటే డాక్టరుకు ఆ తెర సరిగా కనిపించదు. శస్త్రచికిత్సను ఏళ్ళ తరబడి వాయిదా వేసిన ఇళ్ళలో, కటకం మార్చిన తరువాత కూడ చూపు రాలేదని బాధపడేవారిలో కొందరి విషయంలో జరిగినది ఇదే.