చిలుము వదిలితే ప్రమాదం వదులుతుందా?

రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకి నడిచే ఉద్యోగి సంచిలో ఫోను, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్, ఇయర్‌బడ్స్ ఉంటాయి. అన్నీ లిథియం అయాన్ సెల్స్‌తోనే నడుస్తాయి. సెల్ నుంచి కరెంటు హద్దు మీరి ప్రవహించినా, ఛార్జి మరీ అడుగంటినా వాటి లోపల ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు వెంటనే దారి మూసేస్తుంది. వాడేవాళ్లకి ఆ సంగతే తెలియదు.

ఆ కాపలా బొత్తిగా లేని వస్తువు ఒకటుంది. దాని పేరు మెకానికల్ మోడ్. ఇది ఈ-సిగరెట్లలో ఒక రకం. రాగి, ఇత్తడి లేదా స్టీలు గొట్టం, అందులో ఒక సెల్, అడుగున బటన్, పైన కాయిల్, దాన్ని చుట్టుకుని ద్రవం పీల్చుకునే దూది. అంతే. బటన్ నొక్కగానే సెల్‌లోని కరెంటు నేరుగా కాయిల్‌లోకి పోతుంది. మన దేశంలో ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబరు నుంచీ నిషేధం ఉంది. అయినా అవి హైదరాబాద్‌కి దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి, పోలీసులు సరుకు పట్టుకున్న వార్తలూ చదువుతూనే ఉన్నాం. నిషేధానికి ముందు కొన్నవి మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఫ్లాట్లలో డెస్కు సొరుగుల్లో ఇంకా పడి ఉండవచ్చు.

ఇలాంటి దాన్ని శుభ్రంగా ఉంచుకుంటే చాలు, భయం లేదనే నమ్మకం వాడేవాళ్లలో గట్టిగా ఉంది. అందులో సగం నిజం ఉంది.

ముందు ఆ సగం చూద్దాం. నిండా ఛార్జయిన సెల్ వోల్టేజి 4.2. కాయిల్ నిరోధం 0.2 ఓమ్ అయితే, ఓమ్ సూత్రం ప్రకారం 21 ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఇంత కరెంటు దారిలో చిన్న అడ్డంకి కూడా పెద్ద వేడిని పుట్టిస్తుంది. బటన్ కాంటాక్టుకి చిలుము పట్టి, మరల సందుల్లో ద్రవం జిగురుగా ఎండిపోయి 0.02 ఓమ్ నిరోధం చేరిందనుకోండి. 20 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి 8 వాట్లు. అదంతా వేలి కింద, చిన్న స్ప్రింగులో! వేడికి స్ప్రింగు బిగువు కోల్పోతే బటన్ నొక్కిన చోటే ఉండిపోతుంది. అప్పుడు కరెంటుని ఆపేది ఏదీ ఉండదు.

అందుకే వాడేవాళ్లు మోడ్‌ని విప్పి మరలని, కాంటాక్టులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు, రాగి, ఇత్తడి భాగాలని నిమ్మరసంతో రుద్దుతారు. చింతపండుతో ఇత్తడి బిందె తోమినప్పుడు జరిగే రసాయన చర్యే ఇక్కడా జరుగుతుంది. ఆమ్లం ఆక్సైడ్ పొరని కరిగించి లోహాన్ని బయటపెడుతుంది. గొట్టానికి ఉండే చిన్న రంధ్రాలు ఇంకా ముఖ్యం. సెల్ లోపల వాయువు పుడితే అది బయటపడే దారి అవే. జేబులోని నూగు, ఎండిన ద్రవం వాటిని మూసేస్తాయి. ఆరుబయట పోసిన మందుగుండు భగ్గున మండి ఆరిపోతుంది, గట్టిగా చుట్టిన టపాసులో అదే పేలుతుంది. మూసుకుపోయిన మోడ్‌లో సెల్ పరిస్థితీ అదే.

శుభ్రతతో అయ్యే పని అంతవరకే.

సెల్ విషయానికి వస్తే గుడ్డతో తుడిచి సరిచేయగలిగింది ఏమీ లేదు. ఎక్కువగా వాడేది 18650 సెల్. పేరులోనే కొలతలున్నాయి, 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. పైన ఉన్న ప్లస్ బొడిపె తప్ప దాని లోహపు డబ్బా అంతా మైనస్సే. రెండింటినీ వేరుగా ఉంచేది పల్చటి ప్లాస్టిక్ తొడుగు, పైన ఒక చిన్న రింగు. ఆ తొడుగు అంచు చిరిగితే గొట్టంలోనే షార్ట్ అవుతుంది. ఇక పాత పవర్ బ్యాంకుల్లోంచి తీసిన సెల్స్‌లో చాలావాటి హద్దు 10 ఆంపియర్ల లోపే. వాటి నుంచి 21 ఆంపియర్లు లాగడం చావుతో చెలగాటమే. ఛార్జి అడుగంటినా మోడ్ ఆగదు. సెల్ మరీ ఖాళీ అయితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జి చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్‌కి దారితీయవచ్చు.

అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 వరకు పత్రికల్లో వచ్చిన ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్లు లెక్కిస్తే 195 తేలాయి. వాటిలో ఎవరూ చనిపోలేదు. 2018 మేలో ఫ్లోరిడాలో మోడ్ పేలి, ముక్కలు తలలోకి దూసుకెళ్లి ఒకరు ప్రాణం కోల్పోయారు.

ఊపిరితిత్తుల సంగతి వేరు. బాల్టిమోర్‌లో 56 మంది వాడుతున్న పరికరాలని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. సీసాలోని ద్రవం కన్నా, కాయిల్ తాకి వచ్చిన ఆవిరిలో సీసం, క్రోమియం, నికెల్ బాగా ఎక్కువ. అంటే లోహం వస్తున్నది కాయిల్ నుంచే. పైన పేరుకున్న మసిని కడగవచ్చు, కాయిల్‌నే కడిగేయలేం కదా!

లిథియం మంట ఎంత వేగంగా ప్రాణాలు తీస్తుందో హైదరాబాద్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ కింది అంతస్తులోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పై గదుల్లోకి కమ్మిన పొగకి 8 మంది బలయ్యారు. మోడ్‌లో ఉండే సెల్ ఒక్కటే కావచ్చు, కానీ అది పేలేది చేతిలోనో ముఖం ముందో.

నిషేధ చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల అమ్మకం, రవాణా, ప్రకటనలకు మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిల్వ చేసినా శిక్ష ఉంది. కాబట్టి సొరుగులో పాత మోడ్ ఉంటే దాన్ని తళతళలాడించే ప్రయత్నం మానుకోండి. సెల్ బయటికి తీసి, రెండు కొసలకీ టేపు అంటించి, విడిగా ఉంచండి. ఉబ్బినా, తొడుగు చిరిగినా ఛార్జి పెట్టవద్దు. ఇంటి చెత్తలో కలిపి స్వచ్ఛ ఆటోలో వేస్తే చెత్తని నొక్కే యంత్రాల కింద సెల్ నలిగి అంటుకోవచ్చు, ఆ మంట పారిశుద్ధ్య కార్మికుల మీద పడుతుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇచ్చేయండి.