గాడిలో నాదం – అంకెలలో నాదం

తాళ్లపాక అన్నమాచార్యులు పదిహేనవ శతాబ్దంలో రచించిన సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. వేలాది కీర్తనల సాహిత్యం, వాటి రాగాల పేర్లు ఆ రేకుల వల్ల మనకు దక్కాయి. కాని వాటిని ఆ మహానుభావుడు ఏ వరుసలో పాడారో ఆ రేకులు చెప్పలేవు. నేడు వినిపించే బాణీలలో అధికభాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు సమకూర్చినవే. అక్షరాన్ని లోహంపై నిలుపగలిగిన మానవుడు నాదాన్ని నిలుపుకోవడానికి మరికొన్ని శతాబ్దాలు వేచి ఉండవలసి వచ్చింది.

1877లో థామస్ ఆల్వా ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తూపంపై మాటను ముద్రించి తిరిగి వినిపించాడు. పదేళ్ల తరువాత ఎమిల్ బెర్లినర్ స్తూపానికి బదులు బల్లపరుపు పళ్లేన్ని ప్రవేశపెట్టాడు. అదే గ్రామఫోను రికార్డు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడగా ముద్రించిన రికార్డులు భారతీయ సంగీతానికి ఈ మార్గం తెరిచాయి. నాటి రికార్డులు లక్కతో తయారయ్యేవి. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. పది అంగుళాల రికార్డులో ఒక్కొక్క ముఖంపై సుమారు మూడు నిమిషాల గానమే పట్టేది. రాగాలాపనతో పద్యాన్ని ఎంతసేపైనా సాగదీయగల మన పౌరాణిక నాటక నటులు ఆ మూడు నిమిషాలకు ఒదగవలసి వచ్చింది. ఆలాపన తగ్గిందని సంగీతప్రియులు చింతించినా, పద్యభావం సూటిగా శ్రోతను చేరడానికి ఈ నిర్బంధం కొంత తోడ్పడిందనే చెప్పాలి.

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ వినైల్ అనే ప్లాస్టిక్‌తో దీర్ఘవాదన రికార్డును విడుదల చేసింది. ఎల్.పి. అని వ్యవహరించే ఈ రికార్డు ఒక్కో ముఖంపై ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. ఘంటసాల కన్నుమూయడానికి కొద్దికాలం ముందు గానం చేసిన భగవద్గీత తెలుగు ఇళ్లకు మొదట ఎల్.పి. రూపంలోనే వచ్చింది. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల కూడా అటువంటిదే. రాగిరేకులలో మౌనంగా ఉండిపోయిన అన్నమయ్య పదాలు కొన్ని ఈ విధంగా మరొక పళ్లెంపై నాదంతో సహా చెక్కబడ్డాయి.

ఎల్.పి. ముఖంపై వలయాలుగా కనిపించేవి నిజానికి అంచు నుంచి లోపలికి చుట్టుకుపోయే ఒకే ఒక గాడి. దానిని చాచి కొలిస్తే ఇంచుమించు అర కిలోమీటరు పొడవుంటుంది. గాడి గోడల వంపులు ధ్వనితరంగం ఆకృతిని అనుసరిస్తాయి. వజ్రపు ముల్లు ఆ వంపుల వెంట కదలగా, ఆ కదలిక విద్యుత్సంకేతంగా మారి, యాంప్లిఫయరులో బలపడి స్పీకరులో పలుకుతుంది. ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. మంద్రధ్వనులను యథాతథంగా చెక్కితే గాడి విస్తరించి పక్క గాడిని తాకుతుంది. అందుచేత చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని హెచ్చిస్తారు. వినేటప్పుడు యంత్రం ఆ మార్పును సరిదిద్దుతుంది. అంతేకాక, బయటి అంచున సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నడిస్తే, లోపలి అంచుకు వచ్చేసరికి అది 20 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది. అంతే ధ్వని అంత ఇరుకులో పట్టవలసి రావడం వల్ల ముఖం చివరి పాటలో తారస్థాయి కొంత బరకగా వినిపిస్తుంది.

డిజిటల్ పద్ధతి వేరు. 1982లో ఫిలిప్స్, సోనీ సంస్థలు విడుదల చేసిన కాంపాక్ట్ డిస్కులో ధ్వనితరంగం ఎత్తును సెకనుకు 44,100 పర్యాయాలు కొలుస్తారు. ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకదానిగా అంకెలలో రాస్తారు. కొలతకూ కొలతకూ నడుమ నాదం జారిపోతుందని, గమకంలోని సూక్ష్మత అంకెలకు అందదని కొందరు భావిస్తారు. వినడానికి సబబుగా తోచినా ఈ మాట నిలవదు. తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ పర్యాయాలు కొలిచినట్లయితే ఆ తరంగాన్ని లోపం లేకుండా తిరిగి నిర్మించవచ్చునని గణితం నిరూపించింది. మనిషి చెవి 20,000 హెర్ట్జ్‌కు మించి వినలేదు గనుక 44,100 కొలతలు చాలును. అతి మెల్లని ధ్వనికీ అతి బిగ్గరైన ధ్వనికీ మధ్య వ్యత్యాసాన్ని సి.డి. సుమారు 96 డెసిబెల్‌ల వరకు నిలుపుకోగా, ఎల్.పి. 60, 70 డెసిబెల్‌ల వద్దనే ఆగిపోతుంది. కొలమానాల దృష్టితో చూస్తే డిజిటల్‌దే పైచేయి.

అయినప్పటికీ ఒకే గానం ఎల్.పి.లో హాయిగా, సి.డి.లో కర్కశంగా తోచిందని చెప్పే శ్రోతలది కేవలం భ్రమ అని కొట్టివేయరాదు. 1990ల నుంచి ప్రతి పాటా ఇతర పాటల కంటె బిగ్గరగా వినిపించాలన్న పోటీ పెరిగింది. మెల్లని భాగాలను పెంచి, బిగ్గర భాగాలతో సమానం చేశారు. ఆరోహణలో క్రమంగా ఎదిగే గొంతు ఆ ఎదుగుదలనే కోల్పోయింది. అంత బిగ్గర ధ్వనిని గాడిలో చెక్కడం దుస్సాధ్యం కాబట్టి ఎల్.పి.కి తరచు వేరొక మాతృకను సిద్ధం చేస్తారు. చెవి పట్టుకున్నది ఆ మాతృకల భేదాన్నే. తక్కువ పరిమాణంలోకి అతిగా కుదించిన ఎం.పి.3 పాటల విషయంలోనూ తాళాల మోత నీళ్లలో నానినట్లు వినిపించడం సహజమే. ఈ రెండు దోషాలూ అంకెలవి కావు; వాటిని వాడినవారివి.

దీనికి 2022లో అమెరికాలో ఒక నిదర్శనం దొరికింది. శుద్ధమైన పాత పద్ధతిలో తయారైన రికార్డులకు పేరుపొందిన మొబైల్ ఫిడిలిటీ సంస్థ తన ఎల్.పి.లలో అనేకానికి మధ్యలో డిజిటల్ ప్రతిని వాడినట్లు బయటపడింది. అంతవరకు ఆ రికార్డుల సహజత్వాన్ని వేనోళ్ల కొనియాడినవారు అందులోని అంకెలను పసిగట్టలేకపోయారు. అయినా అదే సంవత్సరం ఆ దేశంలో 4 కోట్లకు పైగా వినైల్ రికార్డులు అమ్ముడై, 1987 తరువాత మొదటిసారిగా సి.డి.ల సంఖ్యను దాటాయి. రికార్డును అట్ట నుంచి తీసి, దుమ్ము తుడిచి, ముల్లు దించి, ఇరవై నిమిషాలకు లేచి మరో ముఖం తిప్పే శ్రోత ఆ కాసేపు మరొక పని చేయడు. వేలాది పాటలు చేతిలో ఉన్నవాడు ఒక పల్లవి పూర్తి కాకముందే మరొక పాటకు పోతాడు. ఎల్.పి. ఇచ్చే అదనపు సుఖం చాలావరకు ఈ కుదురులోనే ఉంది.

ఇక మన అటకలపై మిగిలిన 78 చుట్ల లక్క రికార్డుల సంగతి వేరు. అవి కిందపడితే పగులుతాయి. ఉక్కు ముల్లు తగిలిన ప్రతిసారీ కొంత అరుగుతాయి. ఎన్నో పద్యాలకు మాతృకలు దొరకని స్థితిలో ఇంట్లో ఉన్న ఆ పళ్లెమే మూలప్రతి. దానిని డిజిటల్‌లోకి మార్చడమే దానికి ఆయువు. అయితే ఎల్.పి. ముల్లుతో ఆ పని చేయరాదు. లక్క రికార్డు గాడి సుమారు మూడురెట్లు వెడల్పైనది. సన్నని ముల్లు దాని అడుగున కూరుకుపోయి మురికి రొదనే వినిపిస్తుంది. తొలినాటి రికార్డులన్నీ సరిగ్గా 78 చుట్ల వద్దనే ముద్రింపబడలేదు. వేగం తప్పితే శ్రుతి మారుతుంది. ఐదు చుట్లు ఎక్కువైతే చాలు, పద్యం ఒక స్వరస్థానం పైకి జరిగి, ఆ నటుడు తానెన్నడూ పాడని శ్రుతిలో పాడినట్లు వినిపిస్తాడు.