పాఠం 14: అనూరాధపురంలో ఒక రోజు

14.1 పరిచయం

మీ ఊళ్ళో చెరువు ఉందా? చెరువు నిండిన ఏడాది ఊరు కళకళలాడుతుంది. ఎండిన ఏడాది వలసలు మొదలవుతాయి. చిన్న ఊరి సంగతే ఇలా ఉంటే, వేలాది ప్రజలు, భిక్షువులు నివసించిన ఒక రాజధాని సంగతి ఏమిటి?

శ్రీలంకలోని అనూరాధపురం అలాంటి నగరం. ఇది కొలంబోకు ఉత్తరంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడ ఎక్కువ వాన అక్టోబరు, జనవరి నెలల మధ్యనే పడుతుంది. అయినా ఈ నగరం క్రీ.పూ. 4వ శతాబ్దం నుండి క్రీ.శ. 10వ శతాబ్దం చివరి వరకు, మధ్యలో కొద్దికాలం తప్ప, రాజధానిగా నిలిచింది. ఇది ఎలా సాధ్యమైంది? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని ఒక రోజు నగరమంతా తిరిగి వద్దాం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అనూరాధపురంలోని ముఖ్య కట్టడాలను పేర్కొనగలుగుతారు.
• చెరువులకు, ఆ కట్టడాలకు గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఆంధ్రదేశానికి, సింహళానికి గల పాత సంబంధానికి ఒక ఆధారం చూపగలుగుతారు.

14.3 ఉదయం: బోధివృక్షం, రువన్‌వెలిసాయ

ఎండ ముదరకముందే బయలుదేరుదాం. పవిత్ర స్థలాల్లో చెప్పులు, టోపీ తీసివేయాలి. మొదట చూసేది శ్రీమహాబోధి. బుద్ధగయలోని బోధివృక్షం కొమ్మను అశోకుని కుమార్తె సంఘమిత్ర క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఇక్కడికి తెచ్చిందని 'మహావంశం' అనే పాళీ గ్రంథం చెబుతుంది. తెల్లని దుస్తులు ధరించిన భక్తులు పూలతో వరుసలో నిలబడి ఉంటారు. ఇది శిథిల నగరం మాత్రమే కాదు, నేటికీ పూజలందుకొంటున్న క్షేత్రం.

పక్కనే రాతి స్తంభాల అడవి కనిపిస్తుంది. ఇది లోహప్రాసాదం. దీనికి రాగి కప్పు ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. మహావంశం ప్రకారం తొమ్మిది అంతస్తులు ఉండేవి. కలపతో కట్టిన పై భాగాలు పోయాయి. 1600 స్తంభాలు మిగిలాయి.

మరికొంత ఉత్తరానికి నడిస్తే తెల్లని రువన్‌వెలిసాయ స్తూపం కనిపిస్తుంది. దీని చుట్టూ గోడపై ఏనుగుల వరుస ఉంటుంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో దుట్ఠగామణి రాజు దీనిని ప్రారంభించాడు. అంతకుముందు చోళదేశం నుండి వచ్చిన ఎళారుడు 44 ఏళ్ళు న్యాయంగా పాలించాడనీ, అతనిని యుద్ధంలో చంపిన దుట్ఠగామణే అతనికి సమాధి కట్టించి, ఆ దారిన వెళ్ళేవారు వాద్యాలు ఆపి గౌరవం చూపాలని శాసించాడనీ మహావంశం చెబుతుంది. 1983 నుండి 2009 వరకు అంతర్యుద్ధంతో నలిగిన దేశంలో ఈ కథను గుర్తుంచుకోవడం అవసరం.

14.4 మధ్యాహ్నం: జేతవనం, అభయగిరి

తూర్పున జేతవన స్తూపం ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దం చివర మహాసేన రాజు దీనిని ప్రారంభించాడు. మొదట దీని ఎత్తు సుమారు 122 మీటర్లు. నేడు మిగిలింది సుమారు 71 మీటర్లు. దాదాపు 9 కోట్ల 30 లక్షల ఇటుకలు పట్టాయని అంచనా. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మట్టి పిసకడానికి నీరు కావాలి. ఇటుకలు మోసేవారికి అన్నం కావాలి. అన్నానికి వరి కావాలి, వరికి మళ్ళీ నీరే కావాలి.

ఉత్తరాన ఉన్న అభయగిరి విహారంలో ఈ సంగతి కళ్ళకు కడుతుంది. భోజనశాల శిథిలాల్లో భిక్షువుల కోసం అన్నం నింపిన పొడవైన రాతి తొట్టి ఉంది. 5వ శతాబ్దం ఆరంభంలో శ్రీలంకలో రెండేళ్ళు గడిపిన చైనా యాత్రికుడు ఫాహియాన్, ఈ విహారంలో 5000 మంది భిక్షువులు ఉన్నారని రాశాడు. దగ్గరలోనే కుట్టం పొకున అనే జంట కోనేర్లు ఉన్నాయి. నీటిని ముందు చిన్న తొట్టిలోకి వదిలి, మడ్డి దిగిన తరువాతే కోనేటిలోకి పంపేవారు.

ఇక్కడే ధ్యానముద్రలో ఉన్న బుద్ధ విగ్రహం ఉంది. 1931లో అనూరాధపురంలో తనకు ఎంతో నచ్చిన ఒక బుద్ధ విగ్రహం చిత్రాన్ని డెహ్రాడూన్ జైలులో తన బల్లపై ఉంచుకొన్నానని జవహర్‌లాల్ నెహ్రూ ఆత్మకథలో రాశారు. ఆ విగ్రహం ఇదేనని చెప్పుకొంటారు.

అభయగిరి ప్రాంతంలోని భవనాల గుమ్మాల ముందు అర్ధచంద్ర శిలలు చూడవచ్చు. మెట్ల ముందు పరచిన ఈ అరవృత్తపు రాళ్ళపై ఏనుగులు, గుర్రాలు, సింహాలు, ఎద్దులు, హంసలు, మధ్యలో తామర చెక్కి ఉంటాయి. ఇటువంటి రాళ్ళు మన నాగార్జునకొండలోనూ దొరికాయి. అక్కడి 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలం నాటి శాసనం ఒకటి 'సింహళ విహారం' గురించి చెబుతుంది. అంటే కృష్ణా తీరానికీ, ఈ నగరానికీ రాకపోకలు ఉండేవన్నమాట.

14.5 సాయంత్రం: చెరువు కట్ట

ఎండ తగ్గాక అభయవాపి కట్ట మీదికి వెళదాం. నీటికి అవతల స్తూపాలు కనిపిస్తాయి. ఈ చెరువు, తిస్సవాపి, నువరవాపి నగరాన్ని పోషించాయి. తిస్సవాపికి వాననీరు ఒక్కటే చాలలేదు. 5వ శతాబ్దంలో ధాతుసేన రాజు కాలవాపిని కట్టించి, అక్కడి నుండి 87 కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. మొదటి భాగంలో దాని వాలు కిలోమీటరుకు సుమారు 10 సెంటీమీటర్లు మాత్రమే!

పెద్ద చెరువు తూము తెరిస్తే నీటి ఒరవడికి కట్ట కోసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే కట్ట లోపల బావివంటి రాతి గది కట్టి, నీటి వేగాన్ని తగ్గించేవారు. దీనిని సింహళంలో 'బిసోకొటువ' అంటారు.

క్రీ.శ. 993 ప్రాంతంలో చోళ సైన్యాలు నగరాన్ని ఆక్రమించాయి. తరువాత రాజధాని పొలన్నరువకు మారింది. చూసేవారు లేక చెరువులు, కాలువలు క్రమంగా పాడయ్యాయి. నగరాన్ని అడవి కమ్మేసింది. 19వ శతాబ్దంలో అడవిని కొట్టి, కట్టడాలతోపాటు చెరువులనూ బాగుచేయడం మొదలుపెట్టారు. 1982లో ఈ నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఉదయం వేసుకొన్న ప్రశ్నకు జవాబు ఈ కట్ట మీద దొరుకుతుంది. స్తూపాలు కట్టించిన రాజుల పేర్లు గ్రంథాల్లో ఉన్నాయి. ఏటా పూడిక తీసి, కట్టకు మట్టి వేసిన వారి పేర్లు ఎక్కడా లేవు. కాని నగరాన్ని నిలిపింది వారి పనే.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. జేతవన స్తూపాన్ని ప్రారంభించిన రాజు ఎవరు?
2. బిసోకొటువ వల్ల ప్రయోజనం ఏమిటి?
3. 'స్తూపం వెనుక చెరువు ఉంది' – ఈ వాక్యాన్ని ఐదు వాక్యాల్లో వివరించండి.

చేసి చూడండి: మీ ఊరి చెరువుకు తూములు ఎన్ని ఉన్నాయి? పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు? ఊళ్ళో పెద్దలను అడిగి మీ నోటుపుస్తకంలో రాసుకోండి.