తెలుగులో పరోక్ష కథనం: దక్షిణ తెలంగాణ వ్యవహారం ఆధారంగా ఒక పరిశీలన

ఒకరు పలికిన మాటను మరొకరు వేరొకరికి తెలియజేయడానికి ప్రతి భాషలోను కొన్ని పద్ధతులు ఉంటాయి. ఆంగ్ల వ్యాకరణం వీటిని ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని రెండుగా విభజించింది. ఈ విభాగాన్ని పాఠశాలలోనే కంఠస్థం చేసిన విద్యార్థి తెలుగు వాక్యాన్ని సైతం అదే చట్రంలో ఇమిడ్చి చూస్తాడు. అనువాద పాఠం చెప్పే అధ్యాపకులకు దీనివల్ల కలిగే చిక్కు పరిచితమే. ఈ విషయంలో తెలుగు స్వభావం ఎట్టిదో, అది ఇటు సంస్కృతానికి, అటు ఆంగ్లానికి ఎంతవరకు భిన్నమో ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వ్యవహారం నుంచి కొన్ని ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆంగ్లంలో ప్రత్యక్ష కథనం పరోక్షంగా మారినప్పుడు ప్రధానంగా మూడు మార్పులు జరుగుతాయి. సర్వనామ పురుష మారుతుంది. ప్రధానక్రియ భూతకాలంలో ఉంటే లోపలి క్రియ కాలం సాధారణంగా వెనుకకు జరుగుతుంది. ‘రేపు’, ‘ఇక్కడ’ వంటి స్థలకాల వాచకాలు చెప్పేవాని దృష్టికి అనుగుణంగా మారుతాయి. ‘ఐ విల్ బీట్ యూ’ అన్న మాట ‘హి సెడ్ దట్ హి వుడ్ బీట్ మీ’ అవుతుంది. ఇక్కడ కర్త, కర్మ, క్రియ మూడూ మారాయి. మూలవక్త దృష్టి పూర్తిగా తొలగి, నివేదించేవాని దృష్టి దాని స్థానాన్ని ఆక్రమించింది.

సంస్కృత పద్ధతి దీనికి దాదాపు విపరీతం. ‘త్వాం తాడయిష్యామి ఇతి సః అవదత్’ అన్న వాక్యంలో మూలవక్త మాట యథాతథంగా నిలిచింది. ‘త్వామ్’ మారలేదు, క్రియ ఉత్తమ పురుషలోనే, భవిష్యత్కాలంలోనే ఉన్నది. ‘ఇతి’ అనే అవ్యయం అనుకరణ ముగిసిన చోటును సూచిస్తుంది.

తెలుగులో ‘ఇతి’ చేసే పనిని ‘అని’ చేస్తుంది. ఇది ‘అను’ ధాతువుకు క్త్వార్థక రూపం. తమిళంలో ‘ఎన్ఱు’, కన్నడంలో ‘ఎందు’ ఇట్టివే. ఎఫ్. బి. జె. కైపర్ 1967లో ప్రకటించిన వ్యాసంలో సంస్కృత ‘ఇతి’ ప్రయోగాన్ని ద్రావిడ భాషల వాక్యరీతితో పోల్చి చర్చించాడు. ఆధునిక కాలంలో ఇటువంటి సాన్నిహిత్యానికి నిదర్శనం హైదరాబాదు రాజ్యంలోని దక్కనీ ఉర్దూలో లభిస్తుంది. ‘ఆతూఁ బోల్‌కే బోల్యా’ అన్న దక్కనీ వాక్యం ‘వస్తనని చెప్పిండు’ అన్న తెలుగు వాక్యాన్ని పోలి ఉన్నది. ‘బోల్‌కే’ అంటే ‘అని’.

ఇంతవరకు చూస్తే తెలుగు సంస్కృతం వెంట నడిచినట్లే తోస్తుంది. కాని వాక్యాన్ని విడదీసి చూస్తే స్థితి వేరు. పై ఉదాహరణనే దక్షిణ తెలంగాణ వ్యవహారంలో ‘వాడు నన్ను కొడ్తనన్నడు’ అంటారు. మూలవక్త పలికినది ‘నిన్ను కొడ్త’ అని. నివేదనలో ‘నిన్ను’ అన్నది ‘నన్ను’గా మారింది, ఇది ఆంగ్ల పద్ధతి. క్రియ మాత్రం ఉత్తమ పురుషలోనే నిలిచింది. ఇది సంస్కృత పద్ధతి. ‘నన్ను’ అంటే ఇప్పుడు చెబుతున్న వ్యక్తి; ‘కొడ్తను’లోని ఉత్తమ పురుష మాత్రం అప్పుడు అన్న వ్యక్తి. ఒకే వాక్యంలో ఇద్దరి దృష్టులు కలిసి ఉన్నాయి. తెలుగు శ్రోతకు ఇందులో ఎట్టి అయోమయమూ కలగదు. విడిగా ‘వస్త’, ‘కొడ్త’ అని ముగిసే క్రియలలో సైతం ‘అన్నడు’ పరమైనప్పుడు నకారం తరచు మళ్లీ వినబడడం గమనార్హం.

కర్త విషయంలో తెలుగుకు మరొక సౌకర్యం ఉన్నది. ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్’ అన్నప్పుడు రెండవ ‘హి’ ఎవరో సందర్భం చెప్పాలి. తెలుగులో ‘తాను వస్తానన్నాడు’ అంటే అన్నవాడే వస్తాడు. ‘వాడు వస్తాడన్నాడు’ అంటే సాధారణంగా వచ్చేవాడు వేరు. ఆంగ్ల వాక్యాన్ని మాటకు మాటగా ‘అతడు అతడు వస్తాడని అన్నాడు’ అని అనువదించిన విద్యార్థి వ్యాకరణదోషం చేయకపోయినా ఒక వ్యక్తిని ఇద్దరిని చేసినవాడవుతాడు.

విధ్యర్థకంలో పురాతన రూపం భద్రంగా ఉన్నది. నేటి వాడుకలో ‘పో’, ‘రా’ అనేవారు కూడ నివేదనలో ‘నన్ను పొమ్మన్నడు’, ‘రమ్మన్నడు’ అంటారు. స్వతంత్ర వాక్యంలో వాడుక తగ్గిన ‘పొమ్ము’, ‘రమ్ము’ రూపాలు ‘అను’ ధాతువు నీడలో నిలిచి ఉన్నాయి. ప్రశ్నలో మూలపు మధ్యమ పురుష నిలవడం కద్దు: ‘ఎప్పుడొస్తవని నన్నడిగిండు’.

‘అట’ ప్రయోగాన్ని వీటినుండి వేరుగా గ్రహించాలి. ‘వాడు వస్తనన్నడు’ అంటే చెప్పేవాడు ఆ మాట విన్నాడని సామాన్యార్థం. ‘వాడు వస్తడట’ అన్నప్పుడు క్రియ ప్రథమ పురుషకు మారుతుంది. ఎవరన్నారో చెప్పే అవసరం ఉండదు. వార్త నిజానిజాల బాధ్యత చెప్పేవానిపై ఉండదు. ‘వస్తనన్నడట’ అంటే విన్నవాడు మరొకడు.

ఈ భేదం కేవలం వ్యాకరణానికి పరిమితమైనది కాదు. మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమై ఉండాలనీ, విన్న విషయమైతే స్వయంగా విన్నవారే చెప్పాలనీ 1872 నాటి సాక్ష్య చట్టం నిర్దేశించింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడ ఆ సూత్రాన్నే పాటిస్తున్నది. పల్లె నుంచి వచ్చిన సాక్షి ‘అన్నడు’ అన్నాడా, ‘అన్నడట’ అన్నాడా అన్నది వాంగ్మూలం ఆంగ్లంలోకి మారేటప్పుడు జారిపోతే సాక్ష్యం స్వరూపమే మారుతుంది.

చరిత్ర రచనకూ ఇదే వర్తిస్తుంది. నల్లగొండ జిల్లా ప్రధాన క్షేత్రంగా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో 1986లో ప్రకటించింది. 1989లో అది ఆంగ్లంలో వెలువడింది. ఇటువంటి మౌఖిక కథనాలలో చెప్పేవారి మాట, వారు విన్న మాట, ఊరంతా అనుకున్న మాట ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి. వాటిని విడదీసి చూపేవి ‘అని’, ‘తాను’, ‘అట’ వంటి చిన్న మాటలే. అనువాదకుడు వాటిని పూరకాలుగా భావించి విడిచిపెడితే, విన్నది చూసినదిగా, చూసినది విన్నదిగా మారే ప్రమాదం ఉన్నది.

కాబట్టి తెలుగు పరోక్ష కథనాన్ని ఆంగ్ల సూత్రాల పట్టికతో బోధించడం సమంజసం కాదు. ఏ వాక్యాన్నైనా అనువదించే ముందు విద్యార్థి చేత మూడు ప్రశ్నలు వేయించాలి: క్రియలోని పురుష ఎవరిది? సర్వనామం ఎవరి దృష్టి నుంచి వచ్చింది? ఈ మాటను చెప్పేవారు స్వయంగా విన్నారా? ఈ మూడింటికి సమాధానం దొరికిన తరువాతనే ఆంగ్ల నియమాలను అన్వయించాలి. సంస్కృతంలో ‘ఇతి’ తెలిసి, ఇంట ‘అన్నడు’, ‘అన్నడట’ వింటూ పెరిగిన ప్రాచ్య కళాశాల విద్యార్థికి ఈ మార్గం కష్టం కాదు. తన ఊరి మాటను తప్పుగా భావించక ప్రమాణంగా గ్రహించడమే అతనికి కావలసిన అర్హత.