జీడిపప్పు టెండరులో లేని ప్రశ్న

జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే మంట పుడుతుంది, పొక్కుతుంది, తోలు ఊడుతుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు చేసే పని అది. అదే నూనెను శుద్ధి చేస్తే వాహనాల బ్రేకు లైనింగులకూ రంగులకూ రెసిన్లకూ ముడిసరుకవుతుంది. పెంకు అటు కార్ఖానాలకు పోతుంది, పప్పు ఇటు మన పాయసంలోకి వస్తుంది. రెంటినీ విడదీసే పనిలో ఎక్కువగా ఉన్నవి ఆడవాళ్ల చేతులు.

శ్రీకాకుళం జిల్లా అరసవల్లి నుంచి జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం వైపు వెళ్తే డెబ్బై కిలోమీటర్లు దాటాక పలాస-కాశీబుగ్గ వస్తుంది. చుట్టూ ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలు. జంట పట్టణంలో చిన్నా పెద్దా కలిపి వందల జీడి యూనిట్లున్నాయి. చర్మరోగాలు నయం కావాలని అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకునేవారు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. అదే జిల్లాలో చేతి తోలు ఊడే పనితో ఇల్లు గడుపుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. వీళ్ల చేతులకు జవాబు చెప్పవలసినవాళ్లు భూమ్మీదే ఉన్నారు. ఎవరెవరన్నది ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

ముందు పని సంగతి. ఎండిన పిక్కలకు ఆవిరి పడతారు. చల్లారాక ఒక్కొక్క పిక్కనూ కట్టరులో పెట్టి, కాలితో తొక్కి, చేత్తో మీట లాగి పెంకు చీలుస్తారు. లోపలి పప్పును సూదిమొనతో పైకి తీస్తారు. తర్వాత బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టి, ఎర్రటి పొట్టు ఒలిచి, గ్రేడింగ్ చేస్తారు. కొన్ని యూనిట్లలో కటింగ్ యంత్రాలు వచ్చాయి. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే చేతికొచ్చే పప్పు సుమారు 20 కిలోలు. గుండుగా వస్తే ఒక ధర, బద్దయితే ఒకటి, ముక్కయితే ఇంకా తక్కువ. డబ్ల్యూ 320 అని డబ్బా మీద రాసి ఉంటే, ఒక పౌనుకు 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయని అర్థం. పప్పును ఇంత సూక్ష్మంగా కొలిచే వ్యాపారం ఇది.

కూలి మాత్రం చాలాచోట్ల కిలో లెక్కన. అసలు చిక్కు ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చూడాలి. చేతులు కాలుతున్నాయి కదా, తొడుగులివ్వండి అని బయటివాళ్లు అంటారు. తొడుగు వేసుకుంటే వేళ్లకు పట్టు తప్పుతుంది, పిక్క జారుతుంది, పప్పు విరుగుతుంది, రోజు చివర తూకం తగ్గుతుంది. తూకం తగ్గితే కూలి తగ్గుతుంది. అందుకే తొడుగు పక్కనపెట్టి, చేతికి ఇంత నూనో బూడిదో రాసుకుని కూర్చుంటారు. తనిఖీకి వచ్చినాయన గోడకు వేలాడే తొడుగులు చూసి "ఇచ్చారు" అని రాసుకుని వెళ్తాడు. రాసింది అబద్ధం కాదు, అయినా చేయి కాలుతూనే ఉంటుంది. తొడుగు వేసుకుని నెమ్మదిగా పనిచేసినా ఇల్లు గడిచే కూలి ఉన్నప్పుడే ఆ తొడుగు చేతికెక్కుతుంది. భద్రతనూ కూలినీ వేర్వేరు కాగితాల మీద రాసుకున్నంత కాలం రెండూ అందవు.

కిలో కూలికి చట్టంలో హద్దు ఉంది. ముక్క లెక్కన పని చేయించుకున్నా, మామూలు పనిగంటల్లో మామూలు మనిషికి కనీస వేతనం కంటే తక్కువ రాకూడదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని చెప్పింది. కొరడా, గొలుసు అక్కర్లేదు, ఆకలి చేసే ఒత్తిడి చాలు. నలభై ఏళ్లు దాటినా ఈ తీర్పు పని జరిగే షెడ్డు దాకా రాకపోవడం నన్ను బాధించే విషయం.

ఇప్పుడు బస్తా వెనక్కి వెళ్దాం. మన దేశంలో పండే పిక్కలు మన ఫ్యాక్టరీలకు చాలవు. అవసరంలో దాదాపు సగం, కొన్నేళ్లు అంతకు మించి, ఐవరీకోస్ట్, బెనిన్, ఘనా, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల నుంచి వస్తుంది. అక్కడి రైతు అమ్మే పచ్చి పిక్క నాణ్యతను కూడా 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్న లెక్కతోనే కడతారు. ఆ పిక్కల ఓడ రేవుకు వచ్చిన రోజున ఉద్దానం రైతు బస్తా ధర కదులుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి జీడి, కొబ్బరి చెట్లను కూల్చేసింది. ఆ దెబ్బ నుంచి తేరుకుంటున్న రైతులే తర్వాత బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర ఇవ్వాలని రోడ్డెక్కారు. రైతుకు ధర పెంచాలంటే యజమాని దిగుమతి పిక్కను చూపిస్తాడు. కూలి పెంచాలంటే వియత్నాంను చూపిస్తాడు. వియత్నాం యంత్రాలతో పెంకు తీసే పద్ధతికి మారి ఎగుమతుల్లో మనల్ని ఎప్పుడో దాటేసింది. ఆ పోటీ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. అక్కడి మాదకద్రవ్య పునరావాస కేంద్రాల్లో నిర్బంధించినవారి చేత జీడిపిక్కలు ఒలిపిస్తున్నారని 2011లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది.

ఇంత పొడవైన దారిలో ఒక మనిషికి హాని జరిగితే బాధ్యులెవరు? ఈ ప్రశ్నకు ప్రపంచం ఒప్పుకున్న జవాబు 2011 జూన్‌లో వచ్చింది. హార్వర్డ్ ఆచార్యుడు జాన్ రగ్గీ రూపొందించిన మార్గదర్శక సూత్రాలను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించింది. ప్రభుత్వం పౌరుల హక్కులను కాపాడాలి, వ్యాపారం వాటిని గౌరవించాలి, నష్టపోయినవారికి న్యాయం దొరికే దారి ఉండాలి. ఇందులో కొత్తదనం రెండో మాటలో ఉంది. గౌరవించడమంటే తన ప్రహరీ లోపల చట్టం పాటించడం ఒక్కటే కాదు. తాను కొనే సరుకు ఎవరి చేతుల మీదుగా వస్తోందో వెతికి, హాని ఉంటే ఆపడానికి తన కొనుగోలు బలాన్ని వాడాలి. హాని కనబడగానే ఆర్డరు రద్దు చేసుకుని పారిపోవడం బాధ్యత కాదు. అలా చేస్తే కాలిన చేతికి ఉన్న పని కూడా పోతుంది. కేరళలో కూలి పెరిగినప్పుడల్లా కొల్లం జీడి పని కొంత సరిహద్దు దాటి తమిళనాడుకు తరలిపోయింది. ఒక్క ఊళ్లో, ఒక్క రాష్ట్రంలో నియమం బిగిస్తే పని పక్కకు జరుగుతుంది. కొనేవాడే నియమం పెడితే అది ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది.

ఈ సూత్రాలకు చట్టం బలం రావడానికి చావులు జరగాల్సి వచ్చింది. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. అంతకు మూడు వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి పని పరిస్థితులు బాగున్నాయని అంతర్జాతీయ సర్టిఫికెట్ దక్కింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. సరుకు వచ్చే దారిలో హానిని పెద్ద కంపెనీలే వెతికి ఆపాలని ఫ్రాన్సు 2017లో చట్టం చేసింది. జర్మనీ చట్టం 2023లో 3,000 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలకూ, మరుసటి ఏడాది 1,000 మంది, ఆపైన ఉన్నవాటికీ వర్తించింది. ఐరోపా సమాఖ్య 2024లో ఉమ్మడి చట్టం తెచ్చి, 2025లోనే దాన్ని కుదించే పని మొదలుపెట్టింది.

ఆంధ్ర తీరంలో ఈ ఒత్తిడి రొయ్యల ద్వారా తెలిసింది. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2024 మార్చిలో అక్కడి కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మన రొయ్యల షెడ్లలో తక్కువ కూలి, ప్రమాదకర పరిస్థితుల గురించి రాశాయి. ఎగుమతిదారులు కాదన్నారు, వాదోపవాదాలు జరిగాయి. ఏదైతేనేం, షెడ్డులో తల వంచుకుని రొయ్య ఒలిచే మనిషి గురించి మాట్లాడక తప్పలేదు.

జీడిపప్పుకు ఆ అవకాశం లేదు. ప్రపంచంలో జీడిపప్పు అందరికంటే ఎక్కువ తినేది మనమే. పలాస పప్పు చాలావరకు దేశంలోనే అమ్ముడవుతుంది. జర్మనీ చట్టం మన మిఠాయి దుకాణాన్ని అడగదు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన బాధ్యతాయుత వ్యాపార నివేదిక 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి కంపెనీలకు తప్పనిసరి. కాశీబుగ్గ సందులోని యూనిట్ అందులోకి రాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి, అది మంచిదే. కానీ కరెంటుతో నడిచేచోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 1948 చట్టంలో 10 మంది చాలేవారు, కొత్త కోడ్‌లో 20 మంది కావాలి. చిన్న షెడ్లు ఈ గీత కిందికి జారిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి అడగవలసింది ఇక్కడి కొనుగోలుదారులే. కిలో పప్పు కొనే గృహిణి మీద ఈ బరువు మోపడం న్యాయం కాదు. టన్నుల్లో కొనేవాళ్లున్నారు: దేవస్థానాలు, పెద్ద మిఠాయి సంస్థలు, సూపర్‌మార్కెట్లు, హోటళ్లు. తిరుమల లడ్డూలో జీడిపప్పు పడుతుంది, మన గుళ్లలో చక్కెరపొంగలి మీదా పడుతుంది. 2024లో లడ్డూ నెయ్యి గురించి ఊరూరా అడిగారు: ఏ డెయిరీది, మధ్యలో ఎవరున్నారు, ఎవరు పరీక్షించారు అని. సరుకు వచ్చిన దారిని వెనక్కి తవ్వడం మనకు చేతకాని పని కాదని దానితో తేలింది. అదే పట్టుదల పప్పు ఒలిచే చేతుల మీద చూపించాలి.

ఆలయాల కొనుగోళ్లు చూసే దేవాదాయ శాఖకు ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. గ్రేడు, తేమ, పురుగు గురించి రాసే టెండరు కాగితంలోనే ఇంకొన్ని షరతులు చేర్చవచ్చు. పప్పును ఏ యూనిట్‌లో ఒలిచారో పేరు చెప్పాలి. కూలి రిజిస్టరు చూపాలి. తొడుగు వేసుకుని పనిచేసిన రోజున కూడా కనీస వేతనం పడాలి. ఈఎస్ఐ, పీఎఫ్ వర్తించేచోట కట్టిన రసీదు ఉండాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి. యజమాని లేనప్పుడు, షెడ్డు బయట, కార్మికులతో మాట్లాడే హక్కు కొనుగోలుదారుకు ఉండాలి. వీటికి తగ్గట్టు ధర కూడా ఇవ్వాలి. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే ఆర్డరిస్తూ షరతులు చేర్చితే, ఆ భారం మళ్లీ కటింగ్ పీట మీదికే దిగుతుంది. ఒలిచే కూలి కిలో పప్పుకు 20 రూపాయలు పెరిగిందనుకుందాం. వంద గ్రాముల పొట్లం మీద అది 2 రూపాయలు.