కొలిచి చూస్తేనే.. కొలువు!

ఆటో ఎలక్ట్రికల్ లోపాలను పట్టుకోవడం ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ అభ్యర్థులకు మంచి ఉపాధి మార్గం. కావాల్సింది బోలెడన్ని పరికరాలు కాదు.. ఒక మల్టీమీటర్, దాన్ని వాడే పద్ధతి!

ఇంటర్వ్యూకి వెళ్లారు. సర్టిఫికెట్లు చూశారు. ఓమ్ నియమం అడిగారు, గడగడా చెప్పేశారు. ఆ తర్వాత సర్వీస్ మేనేజర్ మిమ్మల్ని షెడ్డులోకి తీసుకెళ్లి ఓ ఆటో చూపించారు. 'సెల్ఫ్ కొడితే టక్‌మని ఆగిపోతోంది. ఎందుకో చూడు' అంటూ చేతిలో మల్టీమీటర్ పెట్టారు. ఇరవై నిమిషాల టైమ్. ఇప్పుడేం చేస్తారు?

ఎక్కువమంది చేసే పని ఒకటే. 'బ్యాటరీ పోయింది సార్, మార్చాలి' అనేస్తారు. అది నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. కానీ కొలవకుండా చెప్పారంటే మాత్రం అది అంచనానే. ఆ అంచనా తప్పితే నష్టపోయేది డ్రైవరు. బండి ఆగిన రోజు ఆయనకు కిరాయి ఉండదు. అద్దె బండయితే ఓనరుకు కట్టాల్సింది కట్టాలి, ఫైనాన్స్ బండయితే వాయిదా ఆగదు. అవసరం లేని బ్యాటరీ కొనిపించి పంపితే, రెండు రోజులకు అదే కంప్లయింటుతో మళ్లీ వస్తారు. లేదా ఇంకెప్పుడూ మీ దగ్గరకు రారు. అందుకే సంస్థలు చూసేది.. మీరు ఎంత వేగంగా పార్టు మారుస్తారని కాదు, మార్చే ముందు ఎంత కచ్చితంగా కారణం చెబుతారని.

ముందు అడగండి

మీటర్ బయటకు తీయకముందే డ్రైవర్‌తో మాట్లాడండి. 'అన్నా, ఎప్పటి నుంచి ఇలా ఉంది? పొద్దున్నే వస్తోందా, బండి వేడెక్కాక వస్తోందా? ఈ మధ్య ఏమైనా కొత్తగా పెట్టించావా?' అన్న మూడు ప్రశ్నలు చాలు. 'మొన్న వానకు తడిశాక మొదలైంది తమ్ముడూ' అంటే కనెక్టర్లలో నీరు, తుప్పు గుర్తుకు రావాలి. 'మ్యూజిక్ సిస్టమ్ పెట్టించిన కాడి నుంచీ' అంటే ఆ వైరు ఎక్కడి నుంచి లాగారో చూడాలి. టేపు చుట్టిన జాయింట్లు సగం సమస్యలకు పుట్టిల్లు.

ఆ తర్వాత కళ్లతో చూడండి. ఆటోలో ఇంజిన్ వెనకుంటుంది, హెడ్‌లైటు ముందుంటుంది. మధ్యలో వైరింగ్ బండి పొడవునా సాగుతుంది. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా దాని మెడ దగ్గర వైర్లు వంగుతూ ఉంటాయి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తీగ తెగి ఉంటుంది. హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి తిప్పి చూడండి. లైటు వెలిగి ఆరుతోందంటే చోటు దొరికినట్టే.

నాలుగు కొలతలు

మళ్లీ మన 'టక్‌మని ఆగే' ఆటో దగ్గరకు వద్దాం. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోండి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండి అయితే గ్యాస్ వాసన వస్తోందేమో గమనించండి. వస్తుంటే వాల్వు కట్టేసి, ఆ లీకు సంగతి తేలేదాకా ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టండి.

మొదటిది: అన్నీ ఆపి ఉంచి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య కొలవండి. నిండుగా ఛార్జయిన 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 చూపిస్తుంది. 12 దగ్గర ఉంటే బాగా డౌన్ అయినట్టు. ముందు ఛార్జింగ్ పెట్టాకే మిగతా పరీక్షలు. మన బండిలో 12.6 వచ్చిందనుకుందాం.

రెండోది: ఇంకొకరిని సెల్ఫ్ నొక్కమని, అదే చోట మళ్లీ కొలవండి. రెండు మూడు సెకన్లకు మించి నొక్కి పట్టకూడదు. బ్యాటరీ బలహీనమైతే వోల్టేజీ 9.6 కంటే కిందికి జారిపోతుంది. మన బండిలో 11.8 దగ్గరే నిలబడింది. అంటే బ్యాటరీ బాగానే ఉంది. కానీ సెల్ఫ్ మోటారుకు కావాల్సినంత కరెంటు వెళ్లడం లేదు. 'బ్యాటరీ మార్చాలి' అన్న మాట ఇక్కడే తేలిపోయింది.

మూడోది: సెల్ఫ్ నొక్కుతూ మోటారు మెయిన్ టెర్మినల్‌కూ, మోటారు బాడీకీ మధ్య కొలవండి. 6.5 వచ్చింది. బ్యాటరీ 11.8 ఇస్తుంటే మోటారుకు అందుతున్నది 6.5 మాత్రమే. మిగతా 5.3 వోల్టులు దారిలో ఎవరో తినేస్తున్నారు.

నాలుగోది: ఆ తినేది ఎవరో పట్టుకోండి. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ నొక్కండి. ఎర్త్ బాగుంటే 0.2 వోల్టులకు అటూ ఇటూగా చూపించాలి. ఇక్కడ 5 చూపించింది! మిగిలిన 0.3 పాజిటివ్ కేబుల్‌లో పోయింది, అది మామూలే.

లెక్క చూడండి: 6.5 + 5 + 0.3 = 11.8. ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం చదివిన కిర్కాఫ్ నియమం ఇదే. లెక్క సరిపోయిందంటే దొంగ దొరికినట్టే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికి ఎర్త్ స్ట్రాప్ ఒక్కటే నమ్మకమైన దారి. ఆ స్ట్రాప్ బోల్టు కింద తుప్పు పట్టింది. విప్పి, గీకి శుభ్రం చేసి, బిగించి, మళ్లీ కొలిస్తే 0.2. సెల్ఫ్ తిరిగింది. ఖర్చు.. ఒక ఎమెరీ పేపరు ముక్క.

'బీప్' వస్తే బాగున్నట్టు కాదు

ఇక్కడ ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న ఒకటుంది. 'అదే కేబుల్‌ను కంటిన్యుటీలో పెడితే బీప్ వచ్చింది. మరి బాగున్నట్టే కదా?' కాదు. సెల్ఫ్ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. దారిలో 0.1 ఓమ్ నిరోధం ఉన్నా 50 ఆంపియర్ల దగ్గర 5 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మీటర్ సొంత వైర్ల నిరోధమే అంతకు తక్కువ ఉండదు. కాబట్టి అది ఆ తేడాను పట్టుకోలేదు. ఒక్క పోగు మిగిలిన కేబుల్ కూడా బీప్ ఇస్తుంది, బరువు మాత్రం మోయలేదు. అందుకే కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. దీన్నే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. ఈ ఒక్క పరీక్ష చేతికి అలవాటైతే హెడ్‌లైటు మసకబారడం, హారన్ గొంతు పూడుకుపోవడం లాంటి సగం కంప్లయింట్లకు జవాబు దొరుకుతుంది.

లక్షణం చూసి కారణం వైపు

బ్రేక్ తొక్కితే ఇండికేటర్ కూడా వెలుగుతోంది: వెనక లైటు ఎర్త్ పోయింది. తిరిగి వెళ్లే దారి లేక కరెంటు పక్క బల్బు గుండా వెళ్తోంది.

ఒక వైపు ఇండికేటర్ గబగబా కొట్టుకుంటోంది: ఆ వైపు ఒక బల్బు మాడిందేమో ముందు చూడండి.

రోజూ బ్యాటరీ డౌన్: ఇంజిన్ నడుస్తుండగా కొంచెం రేజ్ చేసి బ్యాటరీ దగ్గర కొలవండి. దాదాపు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 12.5 దగ్గరే ఉండిపోతే ఛార్జింగ్ లేదు. 15 దాటితే మెకానిక్‌లు 'ఆర్‌ఆర్ యూనిట్' అని పిలిచే రెగ్యులేటర్-రెక్టిఫైయర్‌ను అనుమానించాలి. ఛార్జింగ్ బాగున్నా పొద్దునకల్లా దిగిపోతుంటే, తాళం తీశాక కూడా ఏదో కరెంటు తాగుతోంది. మీటర్‌ను ఆంపియర్లలో పెట్టి బ్యాటరీ నెగెటివ్‌కు సిరీస్‌లో కలిపి, ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ రండి. ఏది తీస్తే రీడింగ్ పడిపోతుందో ఆ లైనులోనే లోపం. ఈ పరీక్షలో పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కొద్దు, మీటర్ పోతుంది.

ఫ్యూజు పదే పదే పోతోంది: పెద్ద ఫ్యూజు వేయడం, రాగి తీగ చుట్టడం.. ఈ రెండూ బండిని తగలబెట్టే పనులు. ఫ్యూజు చోట ఒక 12 వోల్టుల, 21 వాట్ల బల్బు కలపండి. షార్ట్ ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతుంది. ఒక్కో కనెక్టర్ విప్పుతూ పోండి. ఏది విప్పితే వెలుగు తగ్గిపోతుందో షార్ట్ ఆ వైపున ఉంది.

ఎలక్ట్రిక్ ఆటో వస్తే?

అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2023లో ఎలక్ట్రిక్ మూడు చక్రాల వాహనాల అమ్మకాల్లో మన దేశం చైనాను దాటి మొదటి స్థానంలోకి వచ్చింది. ఇవి రోడ్డెక్కితే వీటిని బాగుచేసేవాళ్లూ కావాలి. ఇక్కడా పద్ధతి అదే, దారులు రెండు. లైట్లు, హారన్ నడిచేది 12 వోల్టుల మీద. బండిని లాగేది పెద్ద బ్యాటరీ. 3.2 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ 16 వరుసగా కలిపితే 51.2 వోల్టులు. పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులు తయారు చేసేది డీసీ-డీసీ కన్వర్టర్.

లైట్లు వెలుగుతున్నాయి, బండి కదలడం లేదంటే 12 వోల్టుల వైపు బతికే ఉంది. డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ చూడండి. బ్రేక్ స్విచ్ ఇరుక్కుపోయిందా, ఫార్వర్డ్-రివర్స్ స్విచ్ సరిగా పడిందా, యాక్సిలరేటర్ తిప్పినప్పుడు సిగ్నల్ వోల్టేజీ క్రమంగా పెరుగుతోందా అన్నవి వరుసగా కొలవండి. కంట్రోలర్ అనుమానం ఆఖరిది, ఎందుకంటే అది ఖరీదైన పార్టు.

ఒక జాగ్రత్త. 51 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. షార్ట్ అయితే స్పానర్ కరిగేంత కరెంటు పారుతుంది. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. మెయిన్ స్విచ్ ఆపినా కంట్రోలర్ కెపాసిటర్లలో కాసేపు ఛార్జ్ ఉంటుంది. శిక్షణ లేకుండా బ్యాటరీ ప్యాక్ మూత విప్పొద్దు.

ఎక్కడ నేర్చుకోవాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్, మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడులు రెండేళ్లవి. మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడు కూడా ఉంది. ఇది అన్ని ఐటీఐల్లో ఉండదు, చేరే ముందు కనుక్కోండి. డిప్లొమాలో ఆటోమొబైల్, ఈఈఈ చదివినవారికి సర్వీస్ సెంటర్లలో, తయారీ సంస్థల్లో అవకాశాలుంటాయి. అప్రెంటిస్‌షిప్ చేస్తే నేర్చుకుంటూనే స్టైపెండ్ వస్తుంది. ఐటీఐ వారికి జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం, డిప్లొమా, డిగ్రీ వారికి నాట్స్ ఉన్నాయి. బీటెక్ చదువుతున్నవారు సెలవుల్లో ఊళ్లోని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర నెల రోజులు కూర్చున్నా, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పని చూసినా, ల్యాబ్‌లో దొరకని సంగతులు తెలుస్తాయి. అక్కడి మేస్త్రీకి కిర్కాఫ్ పేరు తెలియకపోవచ్చు, లోపం ఏ వైర్లో ఉందో తెలుసు. మీకు నియమం తెలుసు. ఆ రెండూ ఒక్క మనిషిలో కలిస్తే ఉద్యోగం ఇచ్చేవారికి అంతకన్నా కావాల్సిందేముంది?

ఈ రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. చూసిన ప్రతి బండికీ ఐదు లైన్లు రాయండి: ఫిర్యాదు, కొలత, కారణం, చేసిన పని, మళ్లీ తీసిన కొలత. ఇరవై బండ్లు అయ్యేసరికి అదే మీ అసలైన రెజ్యూమె. ఇంటర్వ్యూలో 'అనుభవం ఉందా?' అని అడిగితే ఆ పుస్తకం టేబుల్ మీద పెట్టండి.

షెడ్డులో ఎదురుచూస్తున్న డ్రైవరును మాత్రం మరిచిపోవద్దు. ఐదో లైను రాశాకే తాళం ఆయన చేతికివ్వండి.