వైజ్ఞానిక కల్పనా కథలు – గ్రామ విద్య

కథలు కాలక్షేపమునకే యని పలువురు తలంతురు. కాని శాస్త్రవిషయమును ఆధారముగా గొని అల్లిన కథలు వినోదముతోపాటు విజ్ఞానమును గూడ నొసగును. వీనిని వైజ్ఞానిక కల్పనా కథలందురు. గ్రామ గ్రంథాలయములలో వీనికి చోటు కల్పించుట యేల అవసరమో పంచాయతీ సభ్యులు గుర్తింపవలసియున్నది.

ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు జగదీశచంద్ర బోసు 1896లో వంగభాషలో ఇట్టి కథ నొకదానిని వ్రాసెను. ఒక తలనూనె వ్యాపారి జరిపిన పోటీలో దానికి బహుమతి లభించినది. ఆ కథలో కలకత్తాకు పెనుతుపాను రానున్నదని హెచ్చరిక వెలువడును. తుపాను రాదు. కారణము తోచక శాస్త్రజ్ఞులు విస్తుపోవుదురు. ఓడలోని ప్రయాణికు డొకడు తలనూనె సీసాను సముద్రమున విసరగా అలలు అణగినవని తుదకు తెలియును.

ఇందు నిజమెంత? నూనె నీటిపై అతి పలుచని పొరగా వ్యాపించి, గాలికి లేచు చిరు అలలను అణచుమాట వాస్తవము. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండను నగరపు చెరువులో చెంచాడు నూనె పోసి దీనిని పరీక్షించి, 1774లో ఫలితమును ప్రకటించెను. కాని తుపాను నూనెకు లొంగునది కాదు. వెచ్చని సముద్రమునుండి లేచిన ఆవిరి వర్షముగా మారునపుడు వెలువడు వేడిమియే దానికి బలము. అది వందల కిలోమీటర్ల మేర వ్యాపించును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది అసువులు బాసిరి. ముందుగా హెచ్చరిక నందుకొని సురక్షిత స్థలమునకు చేరుటయే ప్రాణరక్షణ మార్గము. కథ చదివిన బాలునకు ఈ భేదము తెలిసినచో, అతడు వదంతులను నమ్మక హెచ్చరికను పాటించును.

కథలోని పొరపాటు సైతము పాఠమే యగును. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1865లో ప్రకటించిన నవలలో మనుష్యులను పెద్ద ఫిరంగిద్వారా చంద్రునివైపు పంపెను. అట్లు పంపినచో, ఒక్కుమ్మడి వేగమునకు లోనివారు మరణింతురు. ఆ రచనలవలన ఉత్తేజము పొందిన రష్యా ఉపాధ్యాయుడు త్సియోల్కోవ్‌స్కీ లెక్కలు కట్టి, క్రమముగా వేగము పెంచు రాకెట్టే తగిన సాధనమని 1903లో నిరూపించెను. శ్రీహరికోటనుండి 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 రాకెట్టు బలముననే ఆకాశమున కెగసి, ఆగస్టు 23న చంద్రునిపై దిగెను.

కావున ఇట్టి కథను చదివించిన పిమ్మట ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు వేయవలెను: ఇందు నిజమేది? కల్పన యేది? దానిని తేల్చుకొనుట యెట్లు? మూడవ ప్రశ్నయే బాలుని పరిశోధనకు పురికొల్పును.

1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి పంచాయతీలు ఇంటిపన్నుతో కూడ గ్రంథాలయ పన్నును వసూలు చేయును. ఆ సొమ్ము గ్రామస్థులదే. కనుక తమ గ్రామమునకు ఎట్టి పుస్తకములు కావలెనో సభ్యులు సమావేశమున చర్చించి, జిల్లా గ్రంథాలయ సంస్థకు తెలుపుట యుక్తము. ఆ పట్టికలో ఈ కథలకును తావిత్తురుగాక!